పిల్ల తినడం మానేస్తే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి: ముందు కంచం, కారణాలు తర్వాత

ఇది అమ్మానాన్నలకి, అక్కలకి, అన్నలకి, హాస్టల్లో రూమ్మేట్‌ని చూసి ఏదో తేడాగా ఉందే అనుకుంటున్నవాళ్లకి రాస్తున్నాను. ఇంట్లో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్ల ఉన్నట్టుండి అన్నం తగ్గించేసి, "ఆకలి లేదు", "ఇందాకే తిన్నా", "డైటింగ్‌లో ఉన్నా" అని ఏదో ఒకటి చెప్పి గదిలోకి వెళ్లిపోతుంటుంది. దీనికి మన ఇళ్లలో వచ్చే మొదటి వివరణలు అందరికీ తెలిసినవే: పొగరు, మొండితనం, దిష్టి తగిలింది, ఎవరినో ప్రేమించింది, ఎంసెట్ టెన్షన్. ఇవన్నీ అయ్యి, దిష్టి కూడా తీయించి, ఆరు నెలలు గడిచాక ఎవరో ఒకరు "డాక్టర్‌కి చూపించారా?" అంటారు. ఆ ఆరు నెలల ఆలస్యాన్ని తగ్గించడానికే ఇదంతా.

మొదట తేల్చుకోవాల్సింది ఒకటే, ఇది జబ్బు. ఈటింగ్ డిజార్డర్ అంటారు, అందులో రకాలున్నాయి. తిండి తగ్గించుకుంటూ పోయి, ఎముకలు తేలినా ఇంకా లావుగానే ఉన్నాననుకోవడం అనొరెక్సియా. అదుపు లేకుండా ఒక్కసారే బోలెడు తినేసి, తర్వాత వాంతులతోనో, మాత్రలతోనో, పస్తులతోనో, గంటలకొద్దీ వ్యాయామంతోనో దాన్ని లెక్క సరిచేయాలని చూడటం బులీమియా. అలాగే తినేసి, సరిచేయడమేమీ లేకుండా సిగ్గుతో కుమిలిపోవడం బింజ్ ఈటింగ్. బరువు గొడవే లేకుండా, వాసన, రంగు, మెత్తదనం పడకో, గొంతులో అడ్డుపడుతుందన్న భయంతోనో తిండి మానేసేది ఆర్ఫిడ్. మానసిక జబ్బులన్నిటిలో ప్రాణం తీసేవాటి వరసలో అనొరెక్సియా బాగా ముందుంటుంది. కొందరిలో గుండె లయ తప్పి, కొందరిలో ఆత్మహత్య వల్ల. కాబట్టి "వయసు, అదే తగ్గుతుందిలే" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఎలా గుర్తుపట్టాలి

పిల్ల పుల్లలా అయ్యేదాకా ఎదురుచూడకండి. ఈ జబ్బులున్నవాళ్లలో మామూలు బరువువాళ్లు, ఎక్కువ బరువువాళ్లు కూడా చాలామందే. బొద్దుగా ఉన్న పిల్ల మూడు నెలల్లో బాగా తగ్గిపోతే చుట్టాలంతా మెచ్చుకుంటారు, "ఏం చేశావో మా అమ్మాయికి కూడా చెప్పు" అంటారు. చూడటానికి బాగానే ఉంది కదా అని ఎవరూ నాడి పట్టుకుని చూడరు. అది అప్పటికే బాగా నెమ్మదించి ఉండొచ్చు.

వంటింట్లోనే ముందు బయటపడుతుంది. అందరికీ తనే వండి వడ్డిస్తుంది, యూట్యూబ్‌లో వంటల వీడియోలు గంటలు గంటలు చూస్తుంది, తను మాత్రం కూర్చోదు. ఒక్క దోసెను ముక్కలు ముక్కలు చేసి అరగంట కెలుకుతుంది. అన్నంలో నెయ్యి పడిందంటే ఏడుపు, కూరలో నూనె తేలిందంటే గొడవ. ఏప్రిల్ ఎండలో కూడా చలి అంటుంది, వదులు బట్టలు వేస్తుంది. జుట్టు రాలుతుంది, చేతుల మీద, వీపు మీద సన్నటి నూగు వస్తుంది. పీరియడ్స్ ఆగిపోతాయి. ఇక్కడ ఒక చిక్కుంది: చాలామంది నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తారు, హార్మోన్ మాత్రలు రాయించుకుంటారు, బ్లీడింగ్ వస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. అది మాత్రల వల్ల వచ్చిన బ్లీడింగే. ఒంటికి తిండి చాలక ఆగిన సంగతి అలాగే ఉంటుంది. తిండి గురించి అడగకుండా పీరియడ్స్‌కి మాత్రలు రాస్తే, ఆ విషయం మీరే ఎత్తండి.

బులీమియా ఇంకా దాగి ఉంటుంది. భోజనం అవ్వగానే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పడం, దవడల దగ్గర వాపు, వేళ్ల కణుపుల మీద గీతలు, పళ్లు జివ్వుమనడం, బిస్కెట్ ప్యాకెట్లు డబ్బాలతో సహా మాయమవడం, మంచం కింద రేపర్లు దొరకడం. ఇవి చూసి దొంగతనం పట్టుకున్నట్టు నిలదీయకండి, ఆ పిల్ల అప్పటికే సిగ్గుతో చచ్చిపోతుంటుంది.

మన దగ్గర ఈ జబ్బుకి మంచి ముసుగులు కొన్నున్నాయి. ఒకటి ఉపవాసం. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకన్నకి, మధ్యలో ఏకాదశి, కార్తీకమాసం వస్తే ఇక నెలంతా. ఇంట్లో ఎవరూ కాదనలేరు, పైగా బామ్మ మురిసిపోతుంది. అసలు భక్తి ఉన్నవాళ్లు పండగ రోజు పులిహోర, బూరెలు సంతోషంగా తింటారు. జబ్బున్న పిల్ల పండగ రోజున కూడా ఏదో ఒక వంక వెతుక్కుంటుంది. తేడా అక్కడ చూడండి. రంజాన్ ఉపవాసాల విషయంలోనూ ఇంతే, ఇఫ్తార్‌కి ఏం తింటోంది, సహరీకి లేస్తోందా అన్నది చూసుకోవాలి. రెండో ముసుగు హాస్టల్. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో "మెస్ తిండి బాగోదు" అన్నది నిజమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మూడోది వీగన్, గ్లూటెన్ ఫ్రీ, ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్, కీటో లాంటి పేర్లు. కొన్నేళ్ల కిందట మన రెండు రాష్ట్రాల్లో కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ ఊరూరా నడిచింది గుర్తుందా, అలాంటి గాలి వీచినప్పుడల్లా ఈ జబ్బు దాక్కోవడానికి ఇంకో చోటు దొరుకుతుంది.

"మా అమ్మాయి లావు గురించి ఎప్పుడూ మాట్లాడదండీ, కడుపుబ్బరం, గ్యాస్ అంటుంది అంతే" అనేవాళ్లు కూడా ఉన్నారు. అదీ ఈ జబ్బే కావచ్చు. హాంకాంగ్‌లో 1990ల్లో సింగ్ లీ అనే సైకియాట్రిస్ట్, లావవుతామన్న భయం బయటికి చెప్పని అనొరెక్సియా రోగుల గురించి రాశాడు. మన దేశంలో కూడా డాక్టర్లు 1995లోనే ఇలాంటి అమ్మాయిల కేసులు ప్రచురించారు. ఇలాంటి పిల్లల్ని గ్యాస్ట్రో డాక్టర్ల చుట్టూ తిప్పి, ఎండోస్కోపీలు చేయించి, అన్నీ నార్మల్ అని ఇంటికి తెచ్చుకుంటారు. పరీక్షలు చేయించడం తప్పు కాదు, అవి నార్మల్ వచ్చాక అక్కడితో ఆగిపోవడమే తప్పు.

అబ్బాయిలూ ఉన్నారు. వాళ్లలో కొందరి కంటికి తమ ఒళ్లు లావుగా కాదు, చాలీచాలకుండా సన్నగా కనిపిస్తుంది. రోజుకి రెండు పూటలు జిమ్, ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన, చికెన్ బ్రెస్ట్ తప్ప ఏదీ ముట్టకపోవడం, పెళ్లి భోజనాలకి డబ్బా కట్టుకుని రావడం, ట్రైనర్ ఇచ్చిన పేరు లేని ఇంజెక్షన్లు. జ్వరం వచ్చినా జిమ్ మానడంటే, మానిన రోజు మనిషి మనిషిలా ఉండడంటే, అది క్రమశిక్షణ కాదు.

పోల్చుకోవడానికి డాక్టర్లు వాడే ఐదు ప్రశ్నలున్నాయి, 1999లో ఇంగ్లండ్‌లో తయారైనవి, స్కాఫ్ అంటారు. కడుపు మరీ నిండిందని కావాలని వాంతి చేసుకుంటున్నావా? ఎంత తింటున్నావో అదుపు తప్పిందని దిగులుగా ఉందా? మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా? అందరూ సన్నగా ఉన్నావంటుంటే నీకు మాత్రం లావుగా అనిపిస్తోందా? తిండి ఆలోచనలే నీ జీవితాన్ని ఏలుతున్నాయా? రెండింటికి అవును వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జబ్బుందో లేదో తేల్చేది ఈ ప్రశ్నలు కాదు, డాక్టరే. పిల్ల అన్నిటికీ కాదు అన్నా మీ కళ్లకి వేరేలా కనిపిస్తుంటే మీ కళ్లనే నమ్మండి.

ఇవి కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి

నాడి చూడటం నేర్చుకోండి. పొద్దున లేవగానే, పిల్ల పడుకుని ఉండగానే, మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు 50 కంటే తక్కువుంటే ఆలస్యం చేయొద్దు. కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, గుండె దడ, ఒంటి వేడి 96 ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగడం, పై బీపీ 90 లోపు ఉండటం, నీళ్లు కూడా తాగనని మొండికేయడం, వాంతుల్లో రక్తం, చచ్చిపోతానన్న మాట. ఇవేవీ సోమవారం దాకా ఆగేవి కావు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్ల సన్నబడటం కోసం ఇన్సులిన్ తగ్గించుకుంటోందని అనుమానం వచ్చినా అంతే, అది చాలా వేగంగా ప్రాణం మీదికి తెస్తుంది.

ఆస్పత్రిలో ఈసీజీ తీయమని, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం చూడమని అడగండి. రక్తపరీక్షలు బాగున్నాయంటే అంతా బాగున్నట్టు కాదు, శరీరం చివరిదాకా ఆ అంకెల్ని నిలబెట్టుకుంటూ వస్తుంది.

ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చాలా రోజులు దాదాపు ఏమీ తినని పిల్లకి కంగారుతో ఒక్కసారే బిర్యానీ, స్వీట్లు, గ్లూకోజ్ పట్టించకూడదు. పస్తులున్న ఒంట్లోకి హఠాత్తుగా తిండి దిగితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె, ఊపిరి దెబ్బతినే ప్రమాదముంది, రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే బాగా చిక్కిన పిల్లకి తిండి పెంచడం డాక్టర్ కనుసన్నల్లోనే మొదలవ్వాలి.

మాట ఎలా ఎత్తాలి

భోజనం దగ్గర ఎత్తొద్దు. అందరూ చుట్టూ చేరి పంచాయతీ పెట్టొద్దు. అమ్మో, నాన్నో, పిల్లకి చనువున్న పిన్నో, ఒక్కరే, సాయంత్రం డాబా మీదో బండి మీద వెళ్తున్నప్పుడో మొదలుపెట్టండి. చూసిందే చెప్పండి: "తల్లీ, నెల రోజుల నుంచి రాత్రిపూట తినట్లేదు. నిన్న మెట్లెక్కుతూ కూర్చుండిపోయావు. నాకు భయంగా ఉంది. గురువారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, నేనూ వస్తాను." వెళ్దామా అని అడగట్లేదు గమనించారా? జబ్బు ఒప్పుకోకపోవడం ఈ జబ్బు లక్షణాల్లోనే ఒకటి, అనుమతి కోసం ఎదురుచూస్తే అది రాదు.

కోప్పడుతుంది, ఏడుస్తుంది, "మీకు నా మీద నమ్మకం లేదు" అంటుంది. వాదించకండి. "నువ్వు లావుగా లేవే, ఎంత బాగున్నావో" అని బతిమాలడం కూడా అనవసరం, ఆ మాట ఆ చెవుల్లోకి వెళ్లదు, పైగా మాట మళ్లీ ఒంటి మీదికే వస్తుంది. "తిండి లేనివాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా", "మా రోజుల్లో ఇలాంటివన్నీ లేవు", "నీ కోసం నేనూ పస్తుంటా". ఈ మూడూ మన ఇళ్లలో తప్పకుండా వచ్చే డైలాగులు, మూడూ వద్దు. మూడోది మరీ వద్దు. పస్తుంటే ప్రేమ చూపించినట్టు అని పిల్లకి నేర్పడం ఇప్పుడు మనకి కావాల్సిన పని కాదు.

కంచం మీ చేతుల్లోకి తీసుకోవడం

అసలు పని ఇదే. 1980ల్లో లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో మొదలైన ఒక చికిత్స ఉంది, ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్ అంటారు. అనొరెక్సియా ఉన్న పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి ఇప్పుడు ముందుగా సూచించేది దీన్నే. దాని సారం మన అమ్మమ్మలకి వింతగా అనిపించదు: పిల్ల ఎందుకిలా అయింది, తప్పెవరిది అన్న తవ్వకాలు పక్కనపెట్టి, ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అన్నది కొంతకాలం తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. బరువు కుదుటపడ్డాక కొంచెం కొంచెంగా ఆ పని పిల్లకి తిరిగి అప్పగిస్తారు. చివర్లో మిగతా సంగతులు, చదువు, స్నేహాలు, ఇంట్లో గొడవలు మాట్లాడుకుంటారు. మొత్తం ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, థెరపిస్ట్ వెంట ఉండి నడిపిస్తారు.

కారణాలు ముందు ఎందుకు తవ్వకూడదంటే, ఆకలితో ఉన్న మెదడు మాట వినదు. 1944, 45ల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లకి, అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే, దాదాపు ఆరు నెలలపాటు తిండి తగ్గించి చూశాడు. వాళ్లెవరికీ ఒంటి గురించి దిగుల్లేదు, మోడల్ అవ్వాలన్న కోరికా లేదు. అయినా నెలలు గడిచేకొద్దీ వంటల పుస్తకాలు పోగేశారు, అన్నం కెలుకుతూ గంటలు కూర్చున్నారు, చలికి వణికారు, చిరాకుపడ్డారు, స్నేహితులకి దూరమయ్యారు. అంటే మనం పిల్లలో పొగరు, మొండితనం అనుకుంటున్నదాంట్లో చాలా భాగం ఆకలి చేసే పనే. కడుపు నిండటం మొదలయ్యాక గానీ కౌన్సెలింగ్ ఎక్కదు.

ఇంట్లో ఇది ఎలా నడుస్తుందంటే. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, వేళలు గోడ మీద రాసిపెట్టాలి. వడ్డన పెద్దవాళ్లదే. పిల్ల వంటింట్లోకి రావద్దు, కొలతలు చూడొద్దు, "నెయ్యి వేశావా" అన్న ప్రశ్నకి "డాక్టర్ చెప్పినట్టే వేశాను" అని ఒకే జవాబు. ఇడ్లీ ఉంటే వేరుశెనగ చట్నీతో, పప్పన్నం ఉంటే నెయ్యితో, పెరుగు మీగడతో, సాయంత్రం బెల్లం, వేరుశెనగ చిక్కీ, పాలు, అరటిపండు. వేరే డైట్ ఫుడ్ కొననక్కర్లేదు, మామూలు ఇంటి తిండే. పక్కన ఒకరు చివరిదాకా కూర్చోవాలి. తిండి గురించి తప్ప ఏదైనా మాట్లాడండి, క్రికెట్, ఎదురింటివాళ్ల కుక్క, ఏదైనా. టీవీ పెట్టినా తప్పులేదు, మామూలు ఇంట్లో వద్దనే అలవాటైనా ఇప్పుడు కానివ్వండి. ఆగిపోతే మెల్లగా, గట్టిగా, ఒకే మాట: "ఇంకో ముద్ద తీసుకో. నేనిక్కడే ఉన్నా." సగానికి బేరం కుదుర్చుకోవద్దు. ఇవాళ సగం అయితే రేపు పావు. తిన్నాక గంటసేపు ఎవరో ఒకరు తోడుండాలి, బాత్రూంకి ముందే వెళ్లి రమ్మనాలి.

అమ్మ ఒకటి, నాన్న ఒకటి అనకూడదు. "పోనీలే వదిలెయ్, ఏడుస్తోంది కదా" అని నాన్న, "నాన్నమ్మ గదిలో తినేసిందిలే" అని ఇంకొకరు అన్నారంటే ఆ రోజు పోయినట్టే. ఉమ్మడి ఇంట్లో అయితే మరీ కష్టం, అందరికీ ముందే చెప్పి పెట్టుకోవాలి. తమ్ముడికో చెల్లికో కాపలా పని అప్పగించొద్దు, వాళ్లు తోబుట్టువులు, పోలీసులు కాదు. కంచాలు విరుగుతాయి, పప్పు గోడకి అంటుకుంటుంది, "నిన్ను అసహ్యించుకుంటున్నా" అనే మాట వినాల్సి వస్తుంది. తుడిచేసి ఇంకో కంచం పెట్టండి. కానీ బలవంతంగా నోట్లో కుక్కడం, కొట్టడం, కట్టేయడం ఎప్పటికీ చేయొద్దు. అంతదాకా వస్తే అది ఇంటి వల్ల కాదని, ఆస్పత్రిలో చేర్చాలని అర్థం. ఇంట్లో తాగి కొట్టేవాళ్లున్నా, పిల్లకి ఇంట్లోనే భయముందన్నా ఈ పద్ధతి పనికిరాదు, డాక్టర్‌కి దాపరికం లేకుండా చెప్పండి.

బులీమియా, బింజ్ ఈటింగ్‌కి దారి వేరు. అక్కడ పని ఎక్కువ తినిపించడం కాదు, వేళకి తినేలా చేయడం. పగలంతా పస్తుండటం వల్లే రాత్రి పదకొండుకి డబ్బా ఖాళీ అవుతుంది, ఆ తర్వాత సిగ్గు, మర్నాడు మళ్లీ పస్తు. కాబట్టి నిన్న రాత్రి ఏం జరిగినా సరే, పొద్దున టిఫిన్ మానకూడదు. ఫ్రిజ్‌కి తాళం వేయడం, స్వీట్లు దాచడం పని చేయవు, ఇంకా పెరుగుతుంది. సీబీటీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది, పెద్దవాళ్లలో బులీమియాకి ఫ్లూఆక్సెటిన్ అనే మందు సైకియాట్రిస్టులు వాడతారు. వాంతి అయిన వెంటనే పళ్లు తోముకోవద్దని చెప్పండి, ఆమ్లంతో మెత్తబడ్డ పంటిపూత ఇంకా అరుగుతుంది. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

ఎవరికి చూపించాలి

ముందు ఫిజీషియన్ లేదా పిల్లల డాక్టర్, ఒంటి పరిస్థితి తేల్చడానికి. వెంటనే సైకియాట్రిస్ట్. సైకియాట్రిస్ట్ అనగానే "పిచ్చి డాక్టర్ దగ్గరికా, రేపు పెళ్లెలా అవుతుంది" అని ఇంట్లో ఒకరంటారు, వినకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన లైన్, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ వైపు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రి, విశాఖలో మానసిక వైద్యశాల ఉన్నాయి. కేసు చిక్కుగా ఉంటే బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ కూడా మనకి మరీ దూరం కాదు. ఇన్సూరెన్స్ ఉంటే అడగడానికి మొహమాటపడొద్దు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బుల్లాగే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి.

డైటీషియన్ విషయంలో జాగ్రత్త. ఈటింగ్ డిజార్డర్ చూసిన అనుభవముందా అని మొహమాటం లేకుండా అడగండి. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో పీరియడ్స్ గతి తప్పే సమస్య, ఉందన్న ప్రతి అమ్మాయికీ ఒకే ప్రింటెడ్ చార్ట్ ఇచ్చి, "చపాతీ రెండు, అన్నం మానెయ్, వారం వారం బరువు చూసుకో" అని పంపేవాళ్లున్నారు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో బింజ్ ఈటింగ్ మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది, అలాంటి పిల్లకి ఆ చార్ట్ మందు కాదు.

ఫోన్, రీల్స్, సినిమా ముఖాలు

ఫోన్ వల్లే వచ్చిందనడం సులువు, పూర్తి నిజం కాదు. కవలల మీద జరిగిన పరిశోధనల్లో జన్యువుల పాత్ర పెద్దదేనని తేలింది. కానీ చూసే బొమ్మల పాత్ర లేదనలేం. ఫిజీ దీవుల్లో నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అక్కడ అప్పటిదాకా ఒళ్లు పుష్టిగా ఉండటమే అందం, చిక్కితే ఇంటిల్లిపాదీ కంగారుపడేవాళ్లు. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో, మళ్లీ 1998లో స్కూలు అమ్మాయిల్ని అడిగి చూసింది. బరువు కోసం వాంతి చేసుకున్నామన్నవాళ్లు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్ల తర్వాత 11.3 శాతం. 1998 నాటికి 74 శాతం మంది తాము మరీ లావుగా ఉన్నామని అప్పుడప్పుడైనా అనిపిస్తోందన్నారు. అది ఇంట్లో ఒక మూలన ఉండే టీవీ. ఇప్పుడున్నది దుప్పట్లోకి కూడా వచ్చే ఫోన్. 2021లో బయటికొచ్చిన ఫేస్‌బుక్ సొంత కాగితాల్లోనే, తమ ఒంటి గురించి బాధపడుతున్న టీనేజ్ అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధని ఇంకా పెంచిందని చెప్పినట్టు ఉంది.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి ప్రకటనల్లో మోడల్ ఒంటిని కంప్యూటర్‌లో మారిస్తే ఆ మాట ఫోటో మీద రాయాలి. నార్వే 2022లో అలాంటి నియమమే తెచ్చింది. మన రీల్స్ మీద అలాంటి ముద్రేమీ ఉండదు, కాబట్టి ఇంట్లోనే చేసుకోవాలి. ఫోన్ లాక్కోవడం కాదు, పక్కన కూర్చోండి. తిండి, జిమ్, "30 రోజుల్లో ఎలా మారానో చూడండి" లాంటివి ఏవి వస్తున్నాయో ఇద్దరూ చూసి, "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కుతూ పోండి, అన్‌ఫాలో చేయించండి. ఆ యాప్ మెల్లగా కొత్తవి చూపించడం మొదలుపెడుతుంది, కుట్లు అల్లికలో, పిల్లుల వీడియోలో, ఏవో ఒకటి. కేలరీలు లెక్కపెట్టే యాప్, అడుగులు లెక్కపెట్టే వాచీ మాత్రం తీసేయండి, ఇక్కడ బేరం లేదు. రాత్రి ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి, మీదీ నాన్నదీ కూడా.

ఇంతా చేసి మన వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ తన ముందు ఫోటో, తర్వాత ఫోటో పెడితే? నిజం చెప్పాలంటే చాలామంది పిల్లలు ఒంటి గురించిన మొదటి మాట విన్నది ఏ హీరోయిన్‌ని చూసో కాదు, ఫంక్షన్లోనే. "ఏంటే ఇలా లావైపోయావు", ఆరు నెలలకి "అయ్యో ఇలా చిక్కిపోయావేంటి", మధ్యలో రంగు గురించి ఓ మాట. తెల్లబడే క్రీమ్ పేరులోంచి ఫెయిర్ అన్న మాట 2020లో పోయింది కానీ పెద్దమ్మల నోట్లోంచి ఇంకా పోలేదు. కోలుకుంటున్న పిల్లకి "ఇప్పుడు బాగా ఒళ్లు చేశావు" అన్న మెచ్చుకోలు కూడా దెబ్బే. ముందే ఫోన్ చేసి చెప్పండి: "అత్తయ్యా, పిల్లకి ఒంట్లో బాగోక మందులు వాడుతున్నాం, దయచేసి ఒళ్లు, తిండి గురించి ఏమీ అనకండి, చదువు గురించి అడగండి." అక్కడికీ అంటే "ఆ మాట వద్దులెండి" అని అందరి ముందే అనేయండి, మర్యాద పోయినా పర్లేదు. ఇంట్లో బరువు చూసే మెషీన్ అటకెక్కించండి. అమ్మ తన పొట్ట పట్టుకుని అద్దం ముందు నిట్టూర్చడం, నాన్న ఉప్మా చూసి "కార్బ్స్" అనడం కూడా ఆపాలి.

చదువు, ఆ తర్వాత

హాస్టల్లో ఉంటే ఇంటికి తెచ్చేయండి. ఈ విషయంలో నాది మొండి అభిప్రాయమే. మెస్‌లో వార్డెన్ పక్కన కూర్చుని తినిపించదు, ఆదివారం విజిటింగ్‌లో మీరు తెచ్చిన డబ్బా రూమ్మేట్లు తింటారు. ఇంటర్ రెండో ఏడాది మధ్యలో ఎలా అంటారు. ఏడాది పోతే మళ్లీ రాసుకోవచ్చు. పైగా తిండి లేని మెదడుతో రాసే పరీక్ష ఎలాగూ బాగా జరగదు. ఆటలు, డాన్స్ క్లాసులు కూడా డాక్టర్ సరే అనేదాకా ఆపాలి.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మనవాళ్లకి ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్లు ఇక్కడికంటే సులువుగా దొరుకుతారు. కాకపోతే అక్కడి డాక్టర్ "మీవాళ్లు సన్నగానే ఉంటారు కదా" అని తేలిగ్గా తీసేయొచ్చు, పాత బరువుల లెక్క చేత్తో పట్టుకుని వెళ్లండి, ఎంత వేగంగా తగ్గిందో చూపించండి.

కోలుకునేటప్పుడు బరువు ముందొస్తుంది, మనసు వెనకాల నెలల తర్వాత వస్తుంది. బట్టలు పట్టట్లేదని ఏడ్చే రోజులు అప్పుడే ఎక్కువ. పాత బట్టలు పిల్ల లేనప్పుడు తీసేసి, సైజు ట్యాగులు కత్తిరించి కొత్తవి బీరువాలో పెట్టేయండి. బరువు క్లినిక్‌లోనే చూడాలి, అంకె పిల్లకి చెప్పాలా వద్దా అన్నది థెరపిస్ట్ నిర్ణయిస్తారు. పీరియడ్స్ వాటంతటవే తిరిగి వచ్చి కొన్ని నెలలు నిలబడ్డాక, ఒక పూట తనే వడ్డించుకోనివ్వండి, చిరుతిండితో మొదలుపెట్టి. తర్వాత కాలేజీ లంచ్. తర్వాత ఫ్రెండ్స్‌తో బయట టిఫిన్. ఒక్కో మెట్టు ఎక్కాక రెండు మూడు వారాలు చూడండి. క్లినిక్‌లో వరసగా రెండుసార్లు బరువు తగ్గినట్టు కనిపిస్తే చర్చ పెట్టకుండా ఆ పూట వడ్డన మళ్లీ మీరే తీసుకోండి, డాక్టర్‌కి అదే రోజు ఫోన్ చేయండి.